గ్రీకు ఇల్లు అన్నారు, ఎవరిదో చెప్పలేదు

టర్కీ పడమటి తీరంలోని అయ్వలిక్‌లో మేము దిగిన లాడ్జీ సంగతి ముందు చెప్పాలి, కోపం ఇంకా చల్లారలేదు. ‘నూరేళ్ల నాటి గ్రీకు ఇల్లు, సముద్రపు గాలి’ అని ప్రకటన. రాత్రికి 95 యూరోలు, రెండు రాత్రుల సొమ్మూ ముందే కట్టించుకున్నారు. తీరా కిటికీ తెరిస్తే చేయి చాచినంత దూరంలో పక్కింటి గోడ. వేడినీళ్లు ఒకరి స్నానానికే సరి. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ నిచ్చెనలాంటి చెక్కమెట్లు ఎక్కుతూ “సముద్రం ఎక్కడండీ?” అన్నప్పుడల్లా నేను మాట మార్చాను.

వేడినీళ్లు పోనీయండి. ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాడిని, ఈ ఇల్లు ఎవరిదని అడిగాను. “పాత గ్రీకులది” అన్నాడు గుమాస్తా. ఏ కుటుంబం? ఏమో. ఆ పేరు చెప్పి 95 యూరోలు పిండుకునేవాళ్లు గోడకు ఒక పలకైనా తగిలించలేరా?

1922 దాకా ఈ ఊరి పేరు కిదోనియెస్, ఇంచుమించు అందరూ గ్రీకులే. ఆ ఏడు టర్కీ సేనల చేతిలో గ్రీకు సైన్యం ఓడిపోయాక ఊరు ఖాళీ అయింది. 1923 జనవరి 30న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రీసు, టర్కీల మధ్య జనమార్పిడి ఒప్పందం కుదిరింది. దాదాపు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసు పాలయ్యారు, వారిలో చాలామంది సంతకాలకు ముందే పారిపోయినవారు. సుమారు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి వచ్చారు. కొలబద్ద మతమే, భాష కాదు. అందుకే క్రీటు ద్వీపం నుంచి ఇక్కడికి చేరిన ముస్లింలలో చాలామందికి గ్రీకు తప్ప మరో మాట రాదు.

దాని అర్థం నాకు జుందాలో అన్నం దగ్గర తెలిసింది. వంతెన దాటితే వచ్చే చిన్న దీవి అది. నాలుగు బల్లల పూటకూళ్ల ఇల్లు, నడిపే ఆవిడ క్రీటు వారి మనవరాలు. మా ఆవిడ మాంసం ముట్టదని తెలిసి సముద్రపు ఒడ్డున మొలిచే ఉప్పటి కాడలు ఉడికించి, ఈనెలు లాగేసి, వెల్లుల్లి, నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి పెట్టింది. వారం రోజులుగా రొట్టె, జున్నుతో నెట్టుకొచ్చిన మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. ఆ పూటకూళ్లావిడ నాయనమ్మ చివరిదాకా గ్రీకులోనే తిట్టేదట. ఇద్దరికీ కలిపి 21 యూరోల లెక్క.

ఏథెన్స్‌లో మెల్పో మెర్లియే 1930లో మొదలుపెట్టిన ఆసియా మైనర్ (నేటి టర్కీలోని ఆసియా భాగం) అధ్యయన కేంద్రం ఇలాంటి మాటలనే దాదాపు 5 వేల మంది శరణార్థుల నోట విని రాయించింది. మీ నాయనమ్మ మాటలు ఎవరైనా రాసుకున్నారా అని ఆవిడను అడిగాను. “ఆ తిట్లు రాస్తే ఊరుకుంటారా?” అని నవ్వింది.

అయ్వలిక్ నుంచి గ్రీసు దీవి లెస్బోస్‌కు పడవలో గంటన్నర. ఒక జాగ్రత్త: షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా చూపి మనం తీసుకునే టర్కీ ఈ-వీసా ఒక్క ప్రవేశానికే. దీవి చూసి వెనక్కి వద్దామంటే మళ్లీ డబ్బు కట్టాలి. టర్కీ ముందు, గ్రీసు తరువాత పెట్టుకోండి. ఆ దీవి ముఖ్యపట్టణం మితిలినిలో గది 55 యూరోలు, వేడినీళ్లు ఇద్దరికీ సరిపోయాయి. అక్కడ ‘కొత్త మసీదు’ అని పేరున్న పాత మసీదుకు పైకప్పు లేదు, తలుపుకు తాళం. బయట నిలబడి చూసి వచ్చేశాం.

ఆ సాయంత్రం బజారులో ఆలివ్ నూనె డబ్బా ధర చూసి మా ఆవిడ ఆగిపోయింది. అయ్వలిక్‌లో కొని మోసుకొచ్చిన దానికంటే 3 యూరోలు తక్కువ. రాత్రి భోజనం దాకా నాతో మాట్లాడలేదు.