ఊలు సూదులా, కత్తెరా జిగురా: ఇంట్లో చేత్తో చేసే పనికి ఏది మేలు?

"ఖాళీ దొరికినప్పుడు ఇంట్లో చేత్తో ఏదైనా చేయాలని ఉంది, నిట్టింగ్ నేర్చుకోనా, మిక్స్‌డ్ మీడియా ఆర్ట్ మొదలుపెట్టనా" అని అడిగేవాళ్లకు ఎక్కువగా వచ్చే జవాబు "మీకు ఏది ఇష్టమైతే అది చేయండి" అనే. ఆ జవాబుతో పని జరగదు. ఇంకా ముట్టుకోనే ముట్టుకోని పని ఇష్టమో కాదో ఎలా తెలుస్తుంది చెప్పండి? అందుకే నన్ను అడిగితే ఇష్టం సంగతి పక్కన పెట్టి రెండు విషయాలు అడుగుతాను. పని మధ్యలో లేవాల్సి వస్తే ఏమవుతుంది? తప్పు జరిగితే ఏమవుతుంది? ఈ రెండింటి దగ్గరే సూదులతో ఊలు అల్లే నిట్టింగ్‌కీ, రంగులూ కాగితాలూ కలిపి ఒకే బొమ్మ చేసే మిక్స్‌డ్ మీడియాకీ దారులు విడిపోతాయి, తక్కినవన్నీ వీటి వెనకాలే వస్తాయి.

ముందు మధ్యలో లేవడం సంగతి. నిట్టింగ్ చేస్తున్నప్పుడు ఎవరో పిలిచారనుకోండి, వరస చివరిదాకా అల్లి, లూపులు జారిపోకుండా సూది వెనక్కి తోసి, సంచిలో పడేసి లేచిపోవచ్చు. వారం తర్వాత తీసినా అది అక్కడే ఉంటుంది. పది నిమిషాలు దొరికితే రెండు వరసలు ముందుకెళ్తుంది, ఆ రెండు వరసలూ లెక్కలోకి వస్తాయి. మిక్స్‌డ్ మీడియాలో ఇలా కుదరదు. యాక్రిలిక్ రంగు ప్లేట్లో పోసుకున్నాక అది ఎండిపోతూనే ఉంటుంది, బ్రష్ కడగకుండా వదిలేస్తే వెంట్రుకలు అట్టకట్టి ఇక పనికిరాదు, జిగురు రాసిన కాగితం సగంలో వదిలేస్తే వంకర తిరిగి ఎండుతుంది. పైగా సామాను పరచడానికి కొంత టైమ్, సర్దడానికి కొంత టైమ్. భోజనాల బల్లే మీ పని బల్ల కూడా అయితే, ప్రతిసారీ తీసి సర్దాల్సి వస్తే, నెల తిరిగేసరికి ఆ డబ్బాలు అటక ఎక్కే అవకాశమే ఎక్కువ. ఇది బద్ధకం కాదు, అరగంట పనికి అరగంట సర్దుడు ఎవరికైనా విసుగే.

ఇక తప్పు. కొత్తవాళ్లకు నిట్టింగ్‌లో అన్నిటికంటే భయం పుట్టించేది లూప్ జారిపోవడం. సూది మీద ఉన్న లూపులన్నీ ఇంకా ముడిపడనివే కాబట్టి, ఒకటి జారితే దాని కింది వరసలోదీ, దాని కిందిదీ ఊడుతూ, అల్లిక మధ్యలో నిలువుగా నిచ్చెన మెట్లలా అడ్డదారాలు కనిపిస్తాయి. చూడగానే అంతా పోయిందనిపిస్తుంది. ఏమీ పోలేదు. చివర కొక్కెం ఉండే క్రోషే సూది ఒకటి తీసుకుని, కింద ఎక్కడ లూప్ ఆగిందో అక్కడ దాంట్లోకి సూది దూర్చి, పైనున్న మొదటి అడ్డదారాన్ని కొక్కేనికి తగిలించి లూప్‌లోంచి ముందుకు లాగండి, తర్వాత దాని పైదాన్ని, తర్వాత ఆ పైదాన్ని. అలా మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చాక లూప్‌ని సూది మీదికి మార్చేస్తే ఊడిన ఆనవాలు కూడా మిగలదు. ఇంకా భయంగా ఉంటే కొన్ని వరసలకోసారి సన్నటి వేరే రంగు దారాన్ని లూపులన్నిటిలోంచి దూర్చి ఉంచుకోవచ్చు, ఎంత విప్పినా ఆ దారం దగ్గర ఆగిపోతుంది. మొత్తం నచ్చకపోతే మొత్తం విప్పేయొచ్చు కూడా, ఊలు ఊలుగానే తిరిగి చేతికొస్తుంది, కాస్త వంకీలు పడి ఉంటే తడిపి ఆరేస్తే సాగుతుంది.

కాగితం మీద అలా వెనక్కి రావడం ఉండదు. అంటించింది పీకితే చిరుగుతుంది, ఎండిన యాక్రిలిక్ నీళ్లకు కరగదు. కానీ మిక్స్‌డ్ మీడియాలో తప్పుకు వేరే మందు ఉంది: దాని మీదే ఇంకో పొర వేయడం. నచ్చని చోట పల్చగా జెస్సో (రంగుకు ముందు అడుగుగా పూసే తెల్లటి పూత) పూసి, ఆరాక మళ్లీ మొదలుపెడితే, కింద దాగిన గీతలూ రంగులూ సగం సగం కనిపిస్తూ, తెల్ల కాగితం మీద ఎంత ప్రయత్నించినా రాని లోతు వస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అయితే పోయినదాన్ని పోయిందని వదిలేయగలిగిన మనసు కావాలి. నిన్నటి బొమ్మ మళ్లీ అచ్చం అలాగే కావాలనుకునేవాళ్లకు ఇక్కడ నిద్ర పట్టదు.

ఊలు పని అనుకున్నాక కూడా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది, రెండు సూదుల నిట్టింగా, ఒక్క సూది క్రోషేనా. మొట్టమొదటిసారి ఊలు పట్టుకునేవాళ్లకు నేను క్రోషేనే చెబుతాను. ఏ క్షణాన చూసినా విప్పి ఉండే లూప్ ఒక్కటే, జారిపోయే టెన్షన్ లేదు, గుండ్రంగానో చదరంగానో చిన్న ముక్క గబగబా పూర్తయి చేతికొస్తుంది. బొమ్మలకూ సంచులకూ కప్పు కింద పెట్టే చాపలకూ దాని బిగువే సరిపోతుంది. ఎటు కావాలంటే అటు తిప్పుకోగలిగిన ఆ స్వేచ్ఛ ఎంత దూరం తీసుకెళ్తుందంటే, అంచులు అలలు అలలుగా మడతపడే హైపర్‌బోలిక్ జ్యామితి తలాన్ని చేత్తో పట్టుకుని చూసేలా 1997లో డైనా తైమిన్యా అనే గణిత అధ్యాపకురాలు క్రోషేతోనే అల్లి చూపించారు. నిట్టింగ్‌కి ఇంగ్లండ్‌లో 1589లోనే విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం కట్టాడు, క్రోషే మాత్రం ఇప్పటికీ చేతిపనిగానే నిలిచింది.

కానీ ఒంటి మీద వేసుకునేది అల్లాలని ఆశ ఉంటే తిన్నగా రెండు సూదులకే వెళ్లండి. నిట్టింగ్ బట్ట సాగుతుంది, ఒంటికి అతుక్కుని పడుతుంది, క్రోషే బట్ట సాధారణంగా మందంగా, బిగువుగా ఉంటుంది, ఊలు కూడా ఎక్కువ తాగుతుంది. మొదటి జత సూదులు 4 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చేతికి తేలిక, వెదురువైతే లూపులు జారవు, లోహపువి నున్నగా ఉండి వేగం వచ్చాక బాగుంటాయి. ఊలు లేత రంగుది తీసుకోండి. నల్లదో ముదురు నీలమో కొంటే ఏ లూప్ ఎక్కడుందో కనిపించక కళ్లు లాగుతాయి, నేర్చుకునే రోజుల్లో ఆ కష్టం అక్కర్లేదు. పెద్దది అల్లేటప్పుడు లేబుల్ మీద రంగు అద్దకం నంబర్ ఒకటే ఉన్న ఉండలు సరిపడా ముందే తీసుకోవాలి, తర్వాత కొన్నది అదే రంగు పేరుతో ఉన్నా ఛాయ తేడా వచ్చి వీపు మధ్యలో చార కనిపించవచ్చు.

అల్లేవాళ్లు చాలామంది దాటేసే పని ఒకటుంది, కొలత ముక్క. స్వెటర్ మొదలుపెట్టే ముందు అదే ఊలుతో, అవే సూదులతో చిన్న చదరం అల్లి, ఉతికి ఆరేసి, 10 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు (ఒక్కో లూప్ ఒక్కో కుట్టు) పడ్డాయో లెక్కపెట్టాలి. నమూనాలో 20 అని ఉండి మీకు 22 వస్తే పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. చుట్టుకొలత 100 సెంటీమీటర్లు రావాలని 200 కుట్లు వేసిన స్వెటర్ మీ చేతిలో 91 దగ్గర ఆగుతుంది, అంటే అసలు మనిషికి అది పట్టదు. అప్పుడు చేయాల్సిందల్లా ఒక సైజు పెద్ద సూదులు తీసుకుని మళ్లీ చదరం అల్లి చూడటమే. అలాగే నిట్ (మామూలు కుట్టు) ఒక వరస, పర్ల్ (దాన్నే తిరగేసి వేసే కుట్టు) ఒక వరస మార్చి మార్చి అల్లిన బట్ట అంచులు చుట్టుకుపోతాయి, అది మీ చేతి లోపం కాదు, ఆ కుట్టు స్వభావమే అంత. అన్ని వరసలూ నిట్ అల్లితే చదునుగా పడుకుంటుంది, అందుకే మొదటి మఫ్లర్‌కి అదే మంచిది.

ఇప్పుడు బొమ్మల వైపు వద్దాం. మిక్స్‌డ్ మీడియా అంటే డ్రాయింగ్ వచ్చినవాళ్లదే అని చాలామంది మొదటే తప్పుకుంటారు. అది నిజం కాదు. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని కాన్వాస్ మీద అతికించి, చుట్టూ తాడు ఫ్రేమ్‌గా కట్టినప్పటి నుంచీ, గీయడానికి బదులు అసలు వస్తువునే తెచ్చి పెట్టడం కళలో మామూలైపోయింది. ఆయనకు చాలా ముందే మేరీ డెలానీ అనే ఆవిడ, డెబ్బై దాటాక, 1770లలో రంగు కాగితాలను కత్తిరించి నల్లటి కాగితం మీద పూలు అతికించడం మొదలుపెట్టి, కంటిచూపు తగ్గేలోపు దాదాపు వెయ్యి పూలు చేశారు. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ రేకులూ ఈనెలూ కత్తెర పనితనమే. 1941లో పెద్ద ఆపరేషన్ అయి మునుపటిలా నిలబడి పెయింటింగ్ వేయలేకపోయిన ఫ్రెంచ్ చిత్రకారుడు మటీస్, రంగు పూసిన కాగితాలు కత్తిరిస్తూనే తన చివరి సంవత్సరాల గొప్ప పని చేశారు. వయసు, ఓపిక, డ్రాయింగ్ రాకపోవడం, ఇవేవీ ఇక్కడ అడ్డం కాదు.

అడ్డమొచ్చేది తడి. ఇది దగ్గరగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఇక్కడే విసిగి మానేస్తారు. పల్చటి కాగితం మీద నీళ్ల జిగురు పడగానే కాగితం ఉబ్బుతుంది, ఎండుతూ మళ్లీ ముడుచుకుంటుంది, ఆ లాగుడుకి అడుగు వంగిపోయి, అంటించినది బుడగలు కడుతుంది. అందుకని అడుగు కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం మందం చెప్పే కొలత) అయినా ఉండాలి, లేదా గట్టి అట్ట. జిగురు అడుక్కీ, అతికించే ముక్క వెనకకీ రెండింటికీ పల్చగా రాయండి, మధ్యలో ఆనించి పాత ఏటీఎం కార్డు అంచుతో మధ్య నుంచి బయటికి తోయండి, గాలీ మిగిలిన జిగురూ అంచుల్లోంచి వచ్చేస్తాయి, గుడ్డతో తుడిచేయండి. పైన బటర్ పేపర్ వేసి బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే పొద్దునకు చదునుగా ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింటర్లో తీసిన కాపీలు తడికి రంగు వదులుతాయి, లేజర్ కాపీలు వదలవు. న్యూస్‌పేపర్ ముక్కలు వెలుతురులో పసుపెక్కుతాయి, దాంట్లో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల, కాబట్టి ఎన్నాళ్లో ఉండాలనుకునే బొమ్మలో దాని ఫొటోకాపీ వాడటం మేలు. ఆయిల్ రంగుల మీద యాక్రిలిక్ వేయకండి, నిలవదు, యాక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు.

రెండూ మనసు మీద పనిచేసే తీరు కూడా వేరు, నా దృష్టిలో ఎంపికలో దీనికి చాలా బరువుంది. రోజంతా ఆఫీసులోనో ఇంట్లోనో ఇది చేయాలా అది చేయాలా అని నిర్ణయాలు తీసుకుని అలసిపోయినవాళ్లకు నిట్టింగ్ హాయి, ఎందుకంటే తర్వాత కుట్టు ఏదో ముందే తెలుసు, చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే మనసు ఖాళీగా తిరగొచ్చు, ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ కూడా సాగుతుంది. రోజంతా ఎవరో చెప్పిన పద్ధతిలో, ఎవరో గీసిన గీత మీద పనిచేసి వచ్చినవాళ్లకు మాత్రం మళ్లీ నమూనా చూసి కుట్లు లెక్కపెట్టడం శిక్షలా ఉంటుంది, వాళ్లకు కొలాజ్, అంటే ముక్కలు అతికించి చేసే బొమ్మ, ఇవ్వండి. అక్కడ ప్రతి ముక్కా ఒక కొత్త నిర్ణయం, ఎరుపు ఇక్కడా, ఆ చిరిగిన అంచు పైకా కిందకా అని. అయితే మాట్లాడుతూ చేసే పని కాదది, నోరు దానంతట అదే ఆగిపోతుంది.

పిల్లలతో కలిసి చేయాలంటే కొలాజే, ఆలోచించక్కర్లేదు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు అల్లేటప్పుడు తరచూ ఆపి చేతులు చాచుకోవాలి, బరువైన దుప్పటి లాంటిదైతే పొడవాటి సూదులకు బదులు రెండు సూదులనీ తీగతో కలిపిన గుండ్రటి సూదులు వాడితే బరువు ఒళ్లో పడుతుంది.

తేల్చి ఒకటి చెప్పమంటే, టైమ్ ముక్కలు ముక్కలుగా దొరికే ఇంట్లో, సామాను తీయకుండా ఉంచుకునే మూల లేనివాళ్లకు ఊలే మేలు, అందులోనూ క్రోషేతో మొదలుపెట్టి సూదులకు మారడం మేలు. చిన్నదైనా సరే ఒక బల్లని ఈ పనికే అని కేటాయించుకోగలిగితే, వారానికి ఒక్క పూట అయినా ఎవరూ కదిలించని టైమ్ ఉంటే, నేను మిక్స్‌డ్ మీడియా వైపే మొగ్గుతాను, ఊలు పనిలో నమూనా దాటి సొంతది చేయడానికి పట్టే కాలం ఇక్కడ పట్టదు. బల్ల లేదు కానీ మనసు మాత్రం కాగితాల మీదే ఉందంటే, రంగులూ జెస్సో వదిలేసి, గట్టి కాగితాల నోటుబుక్, కత్తెర, గ్లూ స్టిక్, ఒక పెన్ను మాత్రమే పెట్టుకోండి. తడి లేదు కాబట్టి సగంలో మూసేసినా ఏమీ కాదు.

రెండూ వదల్లేనివాళ్లు మిగిలిన ఊలు ముక్కల్ని పారేయకుండా బొమ్మల్లోకి తెచ్చుకోవచ్చు, కాకపోతే జిగురుతో మాత్రమే అంటిస్తే ఊలు మెత్తదనం పోయి గట్టిపడుతుంది, చివర్లు లేచిపోతాయి. ముందు మందపాటి సూదితో కాగితానికి చిల్లులు పెట్టుకుని, చిల్లుకీ చిల్లుకీ మధ్య కనీసం అర సెంటీమీటర్ వదిలి, ఆ తర్వాత ఊలుతో కుట్టండి. చిల్లులు దగ్గర దగ్గరగా పడితే కాగితం ఆ గీత వెంటే చిరిగిపోతుంది.