మ్యాక్‌లో విండోస్: బూట్ క్యాంప్ సమీక్ష

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లో విండోస్ నడుపుకోవడానికి ఆపిల్ స్వయంగా అందించిన సాధనం బూట్ క్యాంప్. 2006 ఏప్రిల్‌లో బీటాగా, అంటే ప్రయోగాత్మక రూపంలో విడుదలై, మరుసటి ఏడాది లెపర్డ్ అనే వెర్షన్‌తో పాటు ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్ ఓఎస్‌లో భాగమైంది. తన యంత్రంలో పోటీ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తానే చోటివ్వడం, పైగా దానికి కావలసిన డ్రైవర్లను (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములను) కూడా తానే సమకూర్చడం ఆపిల్ చేసిన మంచి పనుల్లో ఒకటని నా అభిప్రాయం.

ఇన్‌స్టాల్ చేయడం కష్టం కాదు. విండోస్ 10 ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాలేషన్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉండే రూపాన్ని) బూట్ క్యాంప్ అసిస్టెంట్‌కు చూపిస్తే, డిస్కును విభజించడం నుంచి డ్రైవర్లను దించుకోవడం వరకు చాలా పని అదే చూసుకుంటుంది. మనం ఆలోచించి తేల్చుకోవలసింది విండోస్‌కు ఎంత చోటు కేటాయించాలన్న విషయం ఒక్కటే. 64 జీబీతో మొదలుపెట్టవచ్చు గానీ 128 జీబీ ఉంటే నయం, ఎందుకంటే తరువాత పెంచుకోవాలంటే ఆ భాగాన్ని పూర్తిగా తీసేసి మళ్ళీ మొదటి నుంచి చేసుకోవలసి వస్తుంది.

కంప్యూటర్ ఆన్ చేస్తూ ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే రెండు డిస్కుల గుర్తులు కనిపిస్తాయి; కావలసినదాన్ని ఎంచుకోవాలి. వర్చువల్ మెషీన్‌లో, అంటే మ్యాక్ ఓఎస్ లోపలే విండోస్‌ను నడిపే పద్ధతిలో, ర్యామ్‌నూ ప్రాసెసర్‌నూ రెండు వ్యవస్థలు పంచుకుంటాయి. ఇక్కడ మాత్రం మొత్తం హార్డ్‌వేర్ విండోస్ చేతిలోనే ఉంటుంది కనుక, గేములు, త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ వంటి బరువైన ప్రోగ్రాములకు ఇంతకన్నా మంచి మార్గం లేదు.

లోపాలు రోజువారీ వాడకంలో బయటపడతాయి. మ్యాక్ ఓఎస్‌లో అంత హాయిగా పనిచేసే ట్రాక్‌ప్యాడ్ విండోస్‌లోకి రాగానే మొద్దుబారినట్టు ఉంటుంది. కీబోర్డుపై తెరను బొమ్మగా తీసే ప్రింట్ స్క్రీన్ కీ లేదు. దానికి బదులు ఎఫ్ఎన్, షిఫ్ట్, ఎఫ్11 మూడింటినీ కలిపి నొక్కాలి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న మ్యాక్‌బుక్ ప్రోలలో విండోస్ ఎప్పుడూ శక్తిమంతమైన చిప్‌నే వాడుతుంది కాబట్టి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అన్నిటికన్నా ఇబ్బంది ఫైళ్ళతోనే: విండోస్ భాగంలోని ఫైళ్ళను మ్యాక్ చదవగలదు గానీ వాటిలో మార్పులు రాయలేదు. అటూ ఇటూ వాడే ఫైళ్ళకు రెండు వ్యవస్థలూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ ఉంచుకోవడం మేలు.

2020లో వచ్చిన ఎం1 నుంచి ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో ఈ సదుపాయం లేదు. వాటిలో విండోస్ కావాలంటే ప్యారలల్స్ వంటి వర్చువల్ మెషీన్‌లో ఆర్మ్ రకం చిప్‌ల కోసం చేసిన విండోస్ 11 వాడుకోవాలి. ఇంటెల్ మ్యాక్‌లకైతే బూట్ క్యాంప్ ద్వారా విండోస్ 11 అధికారికంగా దొరకదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందువల్ల విండోస్ కోసమని ఇప్పుడు పాత ఇంటెల్ మ్యాక్ కొనమని ఎవరికీ చెప్పను. ఇప్పటికే ఉన్నవారు పాత ప్రోగ్రాముల కోసం నిక్షేపంగా వాడుకోవచ్చు, కానీ భద్రత దృష్ట్యా బ్యాంకు లావాదేవీలను మాత్రం మ్యాక్ ఓఎస్ వైపే ఉంచుకోవాలి. మ్యాక్‌లోని బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్ విండోస్ భాగాన్ని బ్యాకప్ చేయదు కనుక, అక్కడి ముఖ్యమైన ఫైళ్ళను విడిగా మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.