బేట్‌మన్స్: కిప్లింగ్ ముప్ఫై నాలుగేళ్లు కాపురమున్న ఇల్లు

'జంగిల్ బుక్' రాసిన ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ 1865 డిసెంబరు 30న పుట్టింది ముంబైలో, జె.జె. చిత్రకళా కళాశాల ఆవరణలో. ఇప్పుడక్కడ కనిపించే బంగళా మాత్రం ఆయన పుట్టిన తర్వాత కట్టినది కావడంతో, అది చూసినా మా కోరిక తీరలేదు. అందుకే ఇంగ్లండులో ఉంటున్న మా అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు, కిప్లింగ్ 1902 నుంచి 1936లో కన్నుమూసే దాకా నివసించిన బేట్‌మన్స్‌ అనే ఇంటికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించుకున్నాము.

లండన్ చేరింగ్ క్రాస్‌లో హేస్టింగ్స్ రైలెక్కి ఎచింగ్‌హాంలో దిగాలి. అక్కడి నుంచి బేట్‌మన్స్ ఉన్న బర్‌వాష్ గ్రామం సుమారు మూడు మైళ్లు. టాక్సీని ముందే మాట్లాడుకోవడం మంచిది, మేము ఆ పని చేయక స్టేషన్ బయట చాలాసేపు నిలబడవలసి వచ్చింది.

ఇంటి గుమ్మం మీద 1634 అని చెక్కి ఉంది. మేడమీది రాతగదిలో కిటికీ పక్కనున్న పెద్ద బల్ల, గోడల నిండా పుస్తకాలు ఉన్నాయి. ఈ ఇంటిని చూసుకునే వారసత్వ పరిరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్ తరఫున ప్రతి గదిలోనూ స్వచ్ఛంద సేవకులుంటారు. మా పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబు చెప్పిన ఆ పెద్దలను ఎంత మెచ్చుకున్నా తక్కువే. 1907లో వచ్చిన నోబెల్ బహుమతి సొమ్ముతో కిప్లింగ్ తోటను తీర్చిదిద్ది, పిల్లలు భయం లేకుండా ఆడుకునేలా లోతు తక్కువ కొలను తవ్వించారు. అందులో పడిన అతిథుల పేర్ల పక్కన సందర్శకుల పుస్తకంలో 'ఎఫ్.ఐ.పి.', అంటే 'కొలనులో పడ్డారు' అని రాసేవారట. తోట చివరనున్న నీటిమరకు టర్బైను బిగించి ఆ విద్యుత్తుతోనే ఇంటికి దీపాలు పెట్టుకున్నారు.

కొలను దగ్గర ఎంత నవ్వుకున్నామో, కొడుకు జాన్ సంగతి విన్నాక అంత బరువెక్కిపోయాము. చూపు మందగించిన కారణంగా సైన్యం తిరస్కరించిన ఆ కుర్రవాడికి, తండ్రే తన పరిచయాలను వాడి ఐరిష్ గార్డ్స్ అనే బ్రిటిష్ సైనిక దళంలో ఉద్యోగం ఇప్పించారు. 1915 సెప్టెంబరులో, పద్దెనిమిదేళ్లు నిండిన కొద్ది వారాలకే మొదటి ప్రపంచ యుద్ధంలో భాగంగా ఫ్రాన్స్‌లో జరిగిన లోస్ పోరులో జాన్ చనిపోయాడు. 1899లో తెల్లవారి పాలనను పవిత్రమైన బాధ్యతగా కీర్తించిన ఆయన కవితను నేను ఎన్నటికీ అంగీకరించలేను; అయినా ఆ ఇంట్లో నడుస్తున్నంతసేపూ ఆ తండ్రి దుఃఖాన్ని పక్కన పెట్టలేకపోయాను.

బస విషయానికొస్తే, మేము ఆ చుట్టుపక్కల ఒక పాత పబ్బు పైనున్న గదిలో దిగాము. పడక శుభ్రంగానే ఉన్నా ఉదయం వేడినీళ్లు రాలేదు, శాకాహారులకు బంగాళాదుంపలు తప్ప మరేమీ దొరకలేదు. కుటుంబంతో వెళ్లేవారు అదే రైలుమార్గంలోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో గానీ హేస్టింగ్స్‌లో గానీ దిగడం మేలు. కిప్లింగ్ ఇంట్లోనే నిద్రించాలనుకునేవారికి అమెరికాలోని వెర్మాంట్‌లో ఆయన కట్టించుకున్న 'నౌలఖా' ఉంది. 'జంగిల్ బుక్' కథలు పుట్టిన ఆ ఇంటిని మొత్తంగా అద్దెకిస్తారు, కాబట్టి రెండు మూడు కుటుంబాలు కలిస్తేనే ఖర్చు భరించగలం.

బర్‌వాష్ చర్చిలో జాన్ పేరిట కంచు ఫలకం ఉంది. తిరుగు రైలుకు ముందు దాని కోసం అరగంట మిగుల్చుకోండి.