తిప్పడానికి ఏమీ లేని ఫ్రంట్ సైట్: మూడేళ్ల వాడకం తర్వాత

నా పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ఇప్పుడున్న ఫ్రంట్ సైట్‌లో, అంటే గురి చూడటానికి బ్యారెల్ ముందు చివర ఉండే భాగంలో, తిప్పడానికి ఏమీ లేదు. ఒక గొట్టం, అందులో 4.0 మిల్లీమీటర్ల ఫిక్స్‌డ్ రింగు, దాన్ని బ్యారెల్‌కి పట్టి ఉంచే కింది పట్టుకి రెండు స్క్రూలు. దీన్ని బిగించి మూడేళ్లు దాటింది. ఈ ఆట మీద నేను పెట్టిన డబ్బంతటిలో మనసుకి ఇంత నెమ్మది ఇచ్చిన వస్తువు ఇంకోటి లేదు. అలాగని మొదటి ఏడాదంతా సుఖంగా గడిచిందని కాదు. ఆ గొడవ కూడా చెబుతాను.

అంతకుముందు రెండేళ్లు ఐరిస్ వాడాను. బయటి చక్రం తిప్పితే లోపలి రింగు చిన్నదో పెద్దదో అవుతుంది. అప్పట్లో కనబడినవాళ్లందరికీ అదే కొనమని చెప్పాను. ఒక్కటి కొంటే అన్ని సైజులూ ఉన్నట్టే కదా అని నా వాదన. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, నా విషయంలో అది తప్పయింది. ఒక షాట్‌కి గరిష్ఠం 10.9 పాయింట్లు. వరుసగా రెండు 9.3లు పడితే చాలు, రైఫిల్ దించి ముందుకి వంగి చక్రం ముట్టుకునేవాణ్ణి. కాస్త బిగిద్దాం, కాస్త వదులు చేద్దాం. పది షాట్లు గడిచేసరికి నేను ఏ రింగులోంచి చూస్తున్నానో నాకే తెలిసేది కాదు. తప్పు ట్రిగ్గర్ వేలిలో ఉండేది, నేను మాత్రం రింగుని దిద్దేవాణ్ణి. ఫిక్స్‌డ్ రింగు పెట్టాక ఆ దారి మూసుకుపోయింది. 9.3 పడితే ఇక నా వేలినీ నా భుజాన్నీ చూసుకోవాల్సిందే.

సైజు ఎంచుకోవడానికి నాకు పట్టిన కాలం మాత్రం తక్కువేం కాదు. టార్గెట్ మీది నల్ల చుక్క 30.5 మిల్లీమీటర్లు. నా కంటికీ ఫ్రంట్ సైట్‌కీ మధ్య దూరం సుమారు 90 సెంటీమీటర్లు. ఈ లెక్కన 2.75 రింగు పెడితే నలుపు రింగుకి సరిగ్గా అతుక్కుపోతుంది, చుట్టూ తెలుపే ఉండదు. తెల్లటి సందు కావాలంటే అంతకంటే పెద్దది పెట్టాలి. ఎంత పెద్దదన్నది కంటిని బట్టి, చేతి నిలకడని బట్టి ఉంటుంది. నేను మొదట 3.4తో మొదలుపెట్టాను. సందు సన్నగా ఉంటే గురి పదునుగా ఉంటుందని నమ్మాను. మొదటి నెల స్కోరు కూడా పెరిగింది, సంబరపడ్డాను. తర్వాత అర్థమైంది. సందు అంత సన్నగా ఉంటే నలుపు ఏమాత్రం కదిలినా అంచుకి తగులుతున్నట్టు కనిపిస్తుంది. అది కుదురుకునేదాకా ఆగుదామని ఊపిరి బిగబట్టుకుని నిలబడతాం. ఎనిమిది సెకన్లు, పది సెకన్లు. ఈలోగా కన్ను మసకబారుతుంది, చివరికి విసుగుతో ట్రిగ్గర్ లాగేస్తాం. 3.8కి మారాక ఆ వేచి ఉండటం తగ్గింది. నలభై అయిదు దాటి చత్వారం వచ్చాక 4.0 దగ్గర ఆగాను.

ఇక్కడ వెలుతురు మాట కూడా చెప్పాలి. పోటీ నియమాల ప్రకారం పది మీటర్ల టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలి. విజయవాడలో నేను వెళ్లే రేంజిలో ఆ వెలుగు ఉంది. గుంటూరులో సాయంత్రాలు ప్రాక్టీస్ చేసే షెడ్డులో లేదు. అక్కడ ఇదే 4.0 ఇరుకుగా అనిపిస్తుంది. మీరు మసక వెలుతురులోనే ఎక్కువగా కాలుస్తుంటే నా అంకె మీకు పనికిరాకపోవచ్చు.

ఇక బిగించడం. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసి, తుపాకీ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాకే అలెన్ కీ తీశాను. సైట్ కూర్చునే పట్టీని రైలు అంటారు. నాది 11 మిల్లీమీటర్లది, సైట్ తేలిగ్గానే జారింది. బ్యారెల్ మూతి దాటి ముందుకి రాకుండా చూసుకున్నాను, అలా వస్తే పోటీలో ఒప్పుకోరు. రింగుకి రెండు పక్కలా సన్నటి అడ్డ కమ్మీలుంటాయి, రైఫిల్ ఒరిగిందో లేదో వాటిని చూసే తెలుసుకుంటాం. అవి మట్టంగా ఉండాలంటే సైటే నిటారుగా కూర్చోవాలి. అప్పుడు మా వీధిలో ఇల్లు కడుతున్నారు. మేస్త్రీని అడిగి రసమట్టం, తూకం గుండు తెచ్చుకున్నాను. కిటికీ కమ్మీకి గుండు వేలాడదీసి, రైఫిల్ని స్టాండు మీద పెట్టి రసమట్టంతో సరిచూసి, వెనక నుంచి ఆ దారాన్ని చూస్తూ బిగించాను. ఆ పూట చేసిన పని చూసుకుని చాలా తృప్తి పడ్డాను.

నేను చేసిన పొరపాటు ఒకటే. బిగించే ముందు బ్యారెల్‌కి నూనె గుడ్డ పెట్టి తుడిచాను, రైలు కూడా దానితోనే తుడిచాను. తుప్పు పట్టకూడదని మంచికే చేశాను.

ఏడెనిమిది నెలలు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఫిబ్రవరిలో గ్రూప్, అంటే షాట్లు పడే గుంపు, కుడికి జరగడం మొదలైంది. ఆదివారం విజయవాడ వెళ్లడం, సైటర్స్‌లో (లెక్కలోకి రాని ముందస్తు షాట్లలో) బ్యాక్ సైట్ మరను రెండు క్లిక్కులు ఎడమకి తిప్పడం, సరిపోవడం. మళ్లీ ఆదివారం మళ్లీ రెండు క్లిక్కులు. బ్యాక్ సైట్ పాడైందనుకున్నాను. తర్వాత నా నిలబడే తీరు మారిందనుకున్నాను. తర్వాత కళ్లజోడు అనుకుని కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. మార్చిలో ఒక పోటీ. మొదటి సిరీస్ (పది షాట్లు) బాగానే పడింది. రెండో సిరీస్‌లో తొమ్మిదిన్నరలు, అన్నీ కుడివైపే, ఒకే చోట గుంపుగా. చేతి తప్పయితే అలా ఒకే చోట పడవు. టెన్షన్‌లో అంత ఆలోచన రాలేదు. క్లిక్కులు తిప్పాను. మూడో సిరీస్‌లో ఎడమకి పోయాయి. మళ్లీ వెనక్కి తిప్పాను. అరవై షాట్లయ్యేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కాల్చిన స్కోరు ఎవరికీ చెప్పాలనిపించలేదు.

బయటికొచ్చాక మా కోచ్‌కి రైఫిల్ ఇచ్చాను. ఆయన బ్యాక్ సైట్ వంక చూడనే లేదు. బొటనవేలూ చూపుడువేలూ ఫ్రంట్ సైట్ గొట్టం మీద పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించారు. టిక్కుమంది. చాలా సన్నటి చప్పుడు. ఆయన నా వేళ్లు తీసుకుని అక్కడ పెట్టి, "చూడండి సార్, ఇక్కడ. నెల రోజుల నుంచి వెనకది తిప్పుతున్నారు, ముందుది ఒక్కసారైనా పట్టుకుని చూశారా?" అన్నారు. చూడలేదు.

ఎంత కదిలిందో ఇంటికొచ్చాక లెక్కేశాను. నా రెండు సైట్ల మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు. ఫ్రంట్ సైట్ ఒక్క 0.1 మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దగ్గర పెల్లెట్ 1.25 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. అంటే నట్టనడుమ పడాల్సిన షాట్ అర పాయింటు పోగొట్టుకుంటుంది. పైగా పట్టు కింద ఉంటుంది, రింగు పైన ఉంటుంది. కింద వెంట్రుకవాసి ఆట ఉన్నా పైన అది ఎక్కువవుతుంది. ఇంకో సంగతి, ఫ్రంట్ సైట్ ఎడమకి జరిగితే గుండ్లు కుడికి పోతాయి. ఈ తిరకాసు బుర్రకెక్కక ఎంతమంది తప్పు వైపు వెతుకుతారో.

కారణాలు రెండు కనబడ్డాయి. నూనె పొర మీద బిగించిన పట్టు నిలవలేదు. రెండోది రైఫిల్ పెట్టె. మూత వేస్తే లోపలి ఫోమ్ సరిగ్గా సైట్ మీదే నొక్కేది. గుంటూరు బ్రాడీపేట నుంచి బయలుదేరి, కాజ టోల్‌గేట్ దాటి, కృష్ణ మీది వారధి మీదుగా విజయవాడ రేంజికి చేరి మళ్లీ తిరిగి రావడం. వారం వారం ఆ కుదుపులన్నీ ఆ స్క్రూల మీదే పడ్డాయి.

సైట్ ఊడదీసి రైలునీ పట్టునీ సర్జికల్ స్పిరిట్‌తో తుడిచాను, గుడ్డకి మరక అంటడం ఆగేదాకా. ఆరాక, పట్టుని ఒక పక్కకి ఆనించి పెట్టి రెండు స్క్రూలనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాను. ఒకదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే సైట్ వాలుతుంది. తర్వాత మా అమ్మాయి గులాబీ రంగు నెయిల్ పాలిష్ తీసుకుని పట్టు మీద నుంచి రైలు మీదకి ఒక సన్నటి గీత గీశాను. సైట్ కదిలితే ఆ గీత విరుగుతుంది. "నాన్నా, తుపాకీకి కూడానా?" అంది. పెట్టెలో ఫోమ్‌ని బ్లేడుతో గొట్టం మందాన కోసేశాను. ఇప్పుడు మూత వేసినా సైట్‌కి ఏమీ తగలదు.

అప్పటినుంచి రెండేళ్లకి పైగా ఆ గీత విరగలేదు. రేంజికి వెళ్లగానే ముందు దాన్నే చూస్తాను. 2008 బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన ఫైనల్‌కి ముందు తన రైఫిల్ సైట్ అమరిక మారిపోయి ఉందని అభినవ్ బింద్రా తర్వాత చెప్పారు. అంత పెద్ద ఆటగాడికే సైట్ కదిలితే సైటర్స్‌లో దెబ్బ తగిలింది. వారానికోసారి కాల్చే నాలాంటివాడు నెల రోజులు కళ్లు మూసుకుని క్లిక్కులు తిప్పడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

లోపాలు లేవని చెప్పను. నాది పారదర్శకమైన ప్లాస్టిక్ రింగు. వేసవిలో చెమట చేత్తో ఒక్కసారి తాకితే చాలు, వేలిముద్ర టార్గెట్ మీద మేఘంలా కనిపిస్తుంది. సన్నటి మెత్తటి గుడ్డ ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. ఇనుప రింగుకి ఆ బాధ లేదు, కానీ దాని అంచు నాకు నల్లగా బరువుగా కనిపించింది.

మీరు కొనాలా అంటే, నా పరిస్థితి చూసి నిర్ణయించుకోండి. నాకు వయసు మీద పడింది, కళ్లజోడుంది, ఎక్కువగా ఒకే రేంజిలో ఒకే వెలుతురులో కాలుస్తాను, చేతికి ఊరికే ఉండటం రాదు. ఇలాంటివాళ్లకి ఫిక్స్‌డ్ రింగు హాయి. ఊరూరా పోటీలకి తిరిగేవాళ్లు రెండు మూడు సైజులు దగ్గర పెట్టుకోవాలి, లేదా ఐరిస్సే నయం కావచ్చు. కొనేముందు మాత్రం మీ గొట్టం సైజు ఎం18నా ఎం22నా చూసుకోండి, ఒకదాని రింగు ఇంకోదానిలో పట్టదు.

నా పాత ఐరిస్ ఇప్పుడు మా మేనల్లుడి రైఫిల్ మీద ఉంది. వాడికి పదమూడేళ్లు, ఏ సైజు కుదురుతుందో ఇంకా తేలలేదు. ప్రతి ఆదివారం ఐరిస్‌ని ఏ సైజు దగ్గర పెట్టి కాల్చాడో నోట్‌బుక్‌లో రాయిస్తున్నాను. అంకె ఒకచోట నిలిచాక వాడికీ ఫిక్స్‌డ్ రింగు బిగిస్తాను. నెయిల్ పాలిష్ సీసాలో ఇంకా సగం ఉంది.