స్ప్రేయర్ కోసం పేటెంట్ సెర్చ్ చేయించాను: ఫీజుకు తగ్గ పని

మాది గుంటూరు ఆటోనగర్‌లో లేత్ షాపు. తోసుకుంటూ వెళ్లే బ్యాటరీ స్ప్రేయర్ ఒకటి తయారుచేశాను. చక్రం తిరిగే వేగాన్ని బట్టి పంపు నడుస్తుంది. మిర్చి చేలో మనిషి నడక మారినా మందు సమానంగా పడుతుంది. దానికే లైటు, ఫోన్ ఛార్జర్ కూడా బిగించాను. పేటెంట్ వేసే ముందు హైదరాబాద్‌లో ఒక పేటెంట్ ఏజెంట్ దగ్గర సెర్చ్ చేయించాను, అంటే ఇలాంటిది ఇంతకుముందే ఎక్కడైనా ఉందేమో వెతికించాను.

ఆ మేడం ముందు లైటు, ఛార్జర్ పక్కన పెట్టేశారు. దేని పని అది చేసుకుంటోంది, పంపుకు వాటితో సంబంధం లేదు, పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) కింద ఇది ఆవిష్కరణ కాదన్నారు. సరే అన్నాను. చక్రాన్ని, పంపును కలపడం గురించి మాత్రం గట్టిగా వాదించాను. పెద్ద ట్రాక్టర్ స్ప్రేయర్లలో వేగాన్ని బట్టి మందు మోతాదు మార్చే ఏర్పాటు ముందే ఉందని రిపోర్టులో చూపించారు. మరి చేతి స్ప్రేయర్‌కు ఎవరూ పెట్టలేదుగా అన్నాను.

అప్పుడు అమెరికా కేసు ఒకటి చెప్పారు, కేఎస్ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్. డ్రైవర్ ఎత్తును బట్టి ముందుకూ వెనక్కీ జరిగే యాక్సిలరేటర్ పెడల్ అది. జరిపినా ఇరుసు కదలని పెడల్‌కు అసానో అనే ఆయన పేటెంట్ ముందే ఉంది. పెడల్ దగ్గర బిగించే ఎలక్ట్రానిక్ సెన్సర్లూ షెవర్లే ట్రక్కుల్లో అప్పటికే వచ్చాయి. టెలిఫ్లెక్స్ వాడుతున్న పేటెంట్‌లో ఆ కదలని ఇరుసు మీద సెన్సర్ పెట్టారు. దాని దరఖాస్తు పరిశీలించినప్పుడు అసానో పేటెంట్ సంగతి అక్కడి పేటెంట్ ఆఫీసు ముందుకే రాలేదు. 2007లో సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఏకగ్రీవంగా ఆ క్లెయిమ్ (ఇది మా ఆవిష్కరణ అని పేటెంట్‌లో రాసుకున్న హక్కు) చెల్లదన్నారు. కార్లలో యాక్సిలరేటర్ కేబుల్ పోయి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వస్తున్నప్పుడు పనితెలిసిన ఇంజనీరు ఎవరైనా ఆ రెండూ కలుపుతాడని వాళ్ల తీర్పు. మెకానిక్‌గా నాకు అది న్యాయంగానే అనిపించింది. మన దగ్గరా 1978లో సుప్రీంకోర్టు, లేత్ మీద గిన్నెలు పట్టి తిప్పే పరికరం పేటెంట్‌ను ఇలాంటి కారణంతోనే కొట్టేసిందట.

నాకు ఈ సర్వీసులో బాగా నచ్చింది తర్వాత జరిగింది. కాదు అని చెప్పి పంపేయలేదు. మెషిన్ నడిపించి చూశారు. చాలు చివర చక్రం ఆగగానే గొట్టంలో మిగిలిన మందును పంపు ట్యాంకులోకి వెనక్కి లాగేస్తుంది. దాని గురించి నేను చెప్పనే లేదు! అలాంటిది సెర్చ్‌లో దొరకలేదని, దాని మీదే ప్రొవిజనల్, అంటే తొలి దరఖాస్తు, దాఖలు చేశారు. నాలాంటి వ్యక్తికి ఆన్‌లైన్‌లో ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. పూర్తి స్పెసిఫికేషన్‌కు, అంటే పూర్తి వివరాల పత్రం ఇవ్వడానికి, 12 నెలల గడువు ఉంది.

లోపాలూ ఉన్నాయి. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఇచ్చారు, మా అబ్బాయి కూర్చోబెట్టి చదివి చెప్పాల్సివచ్చింది. డ్రాయింగుల ఖర్చు వేరే అని ముందే చెప్పివుంటే బాగుండేది, బిల్లు చూశాక టెన్షన్ పడ్డాను.

మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా ఫొటోలతో సరిపెట్టకండి, మెషిన్ తీసుకెళ్లి నడిపి చూపించండి. దాఖలు చేసేదాకా రైతులకు అమ్మకండి.