రంగు వేయడానికి సిద్ధమని అమ్ముతున్న రెజిన్ రాక్షసులు: కొనేముందు బొమ్మ కడుపులో ఏముందో అడగండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట, కరీంనగర్ ప్రాంతాల్లో బోర్డు గేములు ఆడుతూ, వాటిలోని బొమ్మలకు స్వయంగా రంగులు వేసుకునే మిత్రులందరికీ ఇది ఒక హెచ్చరిక. సామాజిక మాధ్యమాల్లో పేజీలు పెట్టుకుని, "పెయింటింగ్‌కు రెడీ, ప్రైమర్ కూడా కొట్టి పంపుతాం" అంటూ (ప్రైమర్ అంటే రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత) కొందరు త్రీడీ ప్రింటు రాక్షస బొమ్మలు అమ్ముతున్నారు. వాటిలో కొన్ని, ముఖ్యంగా అరచేతికి మించిన డొల్ల బొమ్మలు, గట్టిపడని ద్రవ రెజిన్‌ను, అంటే ఈ ముద్రణకు వాడే, కాంతి తగిలితే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవాన్ని, కడుపులో ఉంచుకునే మన ఇంటికి వస్తున్నాయి. రంగులన్నీ వేసి, వార్నిష్ పూసి అల్మారాలో పెట్టిన కొన్ని వారాలకు ఆ ద్రవం గోడలను చీల్చుకుని బయటికి కారుతుంది. రంగు పాడవడం ఇందులో చిన్న నష్టమే. ఆ ద్రవం చర్మానికి హాని చేస్తుంది, ఆ మాట అమ్మేవాళ్లు ఎక్కడా చెప్పడం లేదు.

మేము ఆడే ఆట నెమెసిస్. పోలండ్‌కు చెందిన అవేకెన్ రెల్మ్స్ సంస్థ 2018లో కొనేవారి నుంచి ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్ ద్వారా జనం ముందుకు తెచ్చిన ఈ ఆటలో, సుదీర్ఘ నిద్ర నుంచి మేల్కొన్న అంతరిక్ష నౌక సిబ్బంది, నౌకలోకి చొరబడిన గ్రహాంతర జీవుల బారి నుంచి తప్పించుకోవాలి. లార్వా మొదలుకొని రాణి వరకు ఆ జీవుల దశలన్నింటికీ విడివిడిగా బొమ్మలుంటాయి, ఆటలోని భయమంతా ఆ బొమ్మలు బల్ల మీదికి రావడంలోనే ఉంటుంది. మా మిత్రబృందం కొన్న పాత పెట్టెలో రాణితో పాటు మరికొన్ని పెద్ద జీవులు లేవు. వాటి కోసం వెతుకుతుంటే ఒక పేజీ కనిపించింది. పేజీలోని ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. "ఒరిజినలే అన్నా, కంపెనీ స్పేర్ పీసులు. ప్రైమర్ కొట్టే పంపుతం, మీరు కలర్ వేసుకునుడే ఉంటది" అని అమ్మకందారు రాతపూర్వకంగానే చెప్పాడు. అతని పేరు గానీ, పేజీ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తున్నది అన్నది ఒక కారణం. ఇదే పద్ధతిలో ముద్రించి అమ్మేవారు ఇతనొక్కడే కాదు కాబట్టి, ఒక్కరి దగ్గర కొనకుండా జాగ్రత్తపడితే సరిపోదన్నది అంతకంటే ముఖ్యమైన కారణం.

ఆ మాటల్లో మొదటి అబద్ధం "ఒరిజినల్" అన్నది. బోర్డు గేముల పెట్టెల్లో వచ్చే బొమ్మలు చాలావరకు పీవీసీతో అచ్చు పోసినవి. వాటి తోకనో, గోళ్లనో మెల్లగా వంచితే కాస్త వంగి మళ్లీ యథాస్థానానికి వస్తాయి. వంకర పోయిన కాలును వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే అలాగే నిలబడుతుంది. మాకు వచ్చినవి గోటితో తడితే టకటకమనే పెళుసు రెజిన్ బొమ్మలు. వీపు మీద వాలుగా చూస్తే పొరపొరలుగా సన్నని గీతలు, పొట్ట కింద, ముద్రించేటప్పుడు బొమ్మను పట్టి ఉంచే ఆధారపు పుల్లలు విరిచిన మొటిమల్లాంటి గుర్తులు ఉన్నాయి. ఇవి త్రీడీ ప్రింటు లక్షణాలు. త్రీడీ ప్రింటు కావడం దోషమేమీ కాదు. శ్రద్ధగా ముద్రించిన రెజిన్ బొమ్మ, పీవీసీ కంటే ఎన్నో రెట్లు సూక్ష్మమైన పనితనం చూపిస్తుంది. అసలు శిల్పి అనుమతితో ముద్రించారా లేదా అనేది మరో ప్రశ్న. ముద్రించిన డిజైన్ ఫైలు ఎవరిదో చెప్పడానికి తడబడే అమ్మకందారును అక్కడే అనుమానించవచ్చు.

రెండవ అబద్ధం ప్రైమర్. ముద్రణకు వాడే రెజిన్లలో బూడిద రంగుది బాగా వాడుకలో ఉంది, స్ప్రే ప్రైమర్లలో కూడా బూడిద రంగు సర్వసాధారణం. ఈ పోలికను ఆసరాగా చేసుకుని, ఏ పూతా లేని బొమ్మను ప్రైమర్ కొట్టిన బొమ్మగా చూపిస్తున్నారు. తేల్చుకోవడం చాలా సులువు. పీఠం అడుగున, కనిపించని చోట, బ్లేడుతో కొంచెం గీకి చూడండి. పైపూత లేచి కింద వేరే రంగు బయటపడితే ప్రైమర్ ఉన్నట్టు. ఎంత గీకినా అదే బూడిద రంగు వస్తుంటే అది రెజిన్ రంగే. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చేర్యాలలో, నకాశీ కళాకారులు బట్టకు సుద్ద, చింతగింజల అంబలి కలిపిన పూత పట్టించి ఆరబెట్టిన తరువాతే బొమ్మ గీయడం మొదలుపెడతారు. ప్రైమర్ చేసే పని కూడా అదే. అది లేని నున్నటి రెజిన్ మీద నీటి ఆధారిత ఆక్రిలిక్ రంగు పట్టుకోదు, ఆటలో రెండుసార్లు చేతులు మారేసరికి కొసల దగ్గర పెచ్చులు లేస్తుంది. ఈ సంగతి ముందే తేలడంతో మేము మా ప్రైమర్ మేమే కొట్టుకున్నాము కాబట్టి ఇక్కడ పోయింది కొంత డబ్బు మాత్రమే.

అసలు ప్రమాదం మూడవది, అది బయటికి కనిపించదు. ఈ ముద్రణ యంత్రాల్లో ద్రవ రెజిన్ మీద సాధారణంగా 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి పడుతుంది, కాంతి పడిన చోటు పొరగా గట్టిపడుతుంది. రాణి వంటి పెద్ద బొమ్మను నిండుగా ముద్రిస్తే రెజిన్ ఎక్కువ ఖర్చవుతుంది, బరువుకు ముద్రణ మధ్యలోనే ఊడిపడే అవకాశం కూడా ఉంటుంది. అందువల్ల లోపల డొల్లగా ఉంచి, గోడలను మాత్రమే ముద్రిస్తారు. అలా చేసినప్పుడు లోపల చిక్కుకున్న ద్రవం బయటికి పోవడానికి పీఠం దగ్గర రంధ్రాలు వదలాలి, ముద్రణ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో లోపలా బయటా కడగాలి, ఆరబెట్టాలి, ఆపైన అతినీలలోహిత కాంతిలో క్యూరింగ్ చేయాలి. క్యూరింగ్ అంటే ఇక్కడ స్లాబు మీద నీళ్లు పట్టడం కాదు, కాంతితో పూర్తిగా గట్టిపరచడం. మా రాణికి ఒక్క రంధ్రం కూడా లేదు. అంటే లోపలి ద్రవాన్ని తీయాలన్న ఆలోచన ముద్రించినవారికి రాలేదు, లేదా వచ్చినా పట్టించుకోలేదు.

లోపల నిలిచిపోయిన ద్రవం ఊరికే ఉండదు. అది గోడలోకి ఇంకుతూ దానిని ఉబ్బిస్తుంది, బలహీనపరుస్తుంది. గోడ పలుచగా ఉన్నచోట లేదా పొరలు సరిగా అతుక్కోని చోట సన్నని పగులు మొదలవుతుంది. మన దగ్గర వేసవిలో గది కూడా ఎలా కాగిపోతుందో చెప్పనక్కరలేదు. ఆ వేడికి లోపలి గాలి వ్యాకోచించి పగులును మరింత తెరుస్తుంది. మేము రాణికి ఎముక రంగు పూత మీద ఊదారంగు వాష్ (పల్లాల్లోకి జారే పలుచని రంగు) వేసి, గట్లు తేలేలా పొడి కుంచెతో తెల్లని రంగు రుద్ది, నోటి చుట్టూ మాత్రం చొంగ కారుతున్నట్టు కనిపించాలని మెరిసే గ్లాసీ వార్నిష్ వేశాము. కొన్ని వారాల తరువాత డొక్క దగ్గర కూడా అదే తడి మెరుపు కనిపించింది. వార్నిష్ అక్కడికి ఎలా వెళ్లిందని ఒకరినొకరు అడుగుతుండగానే అక్కడి రంగు బుడగలా లేచి, వెంట్రుకవాసి పగులు నుంచి జిగటగా బూడిద ద్రవం ఊరడం మొదలైంది. గ్రహాంతర రాక్షసికి ఇంతకంటే సహజమైన రూపం ఎవరూ ఇవ్వలేరేమో గానీ, ఆ ద్రవం అల్మారాలోని అరకు, పక్కనున్న బొమ్మల పీఠాలకు కూడా అంటుకుంది.

అమ్మకందారుకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: "ఏం కాదన్నా, రెండు రోజులు ఎండకు పెట్టుండ్రి, అదే సెట్ అయితది." ఈ సలహాను దయచేసి పాటించకండి. సూర్యకాంతిలో అతినీలలోహిత కిరణాలు ఉన్నమాట నిజమే, వాటికి రెజిన్ గట్టిపడే మాటా నిజమే. అయితే బూడిద రంగు గోడను, దాని మీది ప్రైమర్‌ను, రంగును దాటుకుని ఆ కాంతి లోపలి ద్రవం దాకా చేరదు. చేరేది వేడి మాత్రమే. బయటి గోడ అవసరానికి మించి గట్టిపడి మరింత పెళుసుగా మారుతుంది, లోపలిది ద్రవంగానే ఉంటుంది, పగులు పెరుగుతుంది. అంటే ఆ సలహా, ఉన్న దోషాన్ని రెట్టింపు చేసే సలహా.

ఆరోగ్యం విషయం కొంచెం వివరంగా చెప్పాలి. గట్టిపడని రెజిన్‌లో ఆక్రిలేట్ జాతి రసాయనాలుంటాయి. ఇవి చర్మానికి తగిలితే కొందరికి ఎర్రబడి, దురద, పొక్కులు వస్తాయి. కొందరికి మొదట ఏమీ అనిపించకపోయినా, పదేపదే తగలడం వల్ల శరీరం వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. అలా ఒకసారి అలర్జీ ఏర్పడితే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది, పంటి చికిత్సలో వాడే కొన్ని పదార్థాలు, గోళ్లకు వేసే జెల్ పూతలు కూడా ఆ తరువాత పడకపోవచ్చు. పూర్తిగా గట్టిపడిన రెజిన్‌తో ఈ బెడద దాదాపు ఉండదు, దానిని ఆటలో నిశ్చింతగా పట్టుకోవచ్చు. కాబట్టి చేతికి జిగటగా తగిలే, ఘాటైన వాసన వేసే బొమ్మను బొమ్మగా చూడకండి, రసాయనంగా చూడండి. నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, అందువల్ల రుద్దక తప్పకపోతే తడిపి, మాస్కు పెట్టుకుని రుద్దండి. అన్నం తినే చోట ఈ పని వద్దు.

ఇప్పటికే కొన్నవారు బొమ్మను కాపాడుకోవచ్చు. పీఠం కిందో, పొట్ట కిందో ఎడంగా రెండు చిన్న రంధ్రాలు చేయాలి. ఒక్క రంధ్రమే అయితే గాలి లోపలికి వెళ్లే దారి లేక ద్రవం సరిగా దిగదు. ద్రవాన్ని పాత సీసాలోకి వంచి, సూది లేని సిరంజితో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎక్కించి, శుభ్రమైన ఆల్కహాల్ బయటికి వచ్చేవరకు కడగాలి. సెల్‌ఫోన్లు బాగుచేసేవారు వాడేది కూడా ఈ ఆల్కహాలే కాబట్టి ఆ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. మంట దగ్గర మాత్రం పెట్టకండి. లోపల పూర్తిగా ఆరిన తరువాత, 405 నానోమీటర్ల చిన్న ఎల్ఈడీ దీపాన్ని రంధ్రం దగ్గర ఉంచి లోపలి గోడలను గట్టిపరచాలి. తొందరపడి ఆల్కహాల్ తడి ఉండగానే కాంతి చూపిస్తే పైన తెల్లటి పొడి పేరుకుంటుంది, గోడ పగలనూ వచ్చు. చివరగా రంధ్రాలను ఎం-సీల్‌తో మూసి, గీకి, మళ్లీ ప్రైమర్ వేసుకోవచ్చు. బయటికి తీసిన ద్రవాన్ని, కడిగిన ఆల్కహాల్‌ను సింకులోనో మోరీలోనో పోయకూడదు. పిల్లలు, పశువులు రాని చోట మూతలేని పాత్రలో ఎండకు పెడితే ఆల్కహాల్ ఆవిరై, రెజిన్ గడ్డకడుతుంది, అప్పుడు ఆ గడ్డను చెత్తలో వేయవచ్చు. అమ్మకందారు చెప్పిన ఎండ పనికొచ్చేది ఇక్కడ మాత్రమే.

ఇంకా కొననివారు డబ్బు పంపేముందు అమ్మకందారును అడగవలసినవి ఎక్కువేమీ లేవు. బొమ్మ నిండుదా, డొల్లదా? డొల్లదైతే రంధ్రాలు ఎక్కడున్నాయి, లోపల కడిగి, కాంతి చూపించారా? రంగులు వేసిన నమూనా ఫొటో కాకుండా, మీకు పంపబోయే బొమ్మ అడుగుభాగం ఫొటో అడగండి. పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు సంతోషంగా, అవసరానికి మించి జవాబు చెబుతాడు. మా అనుభవంలో కోపం తెచ్చుకునేవాడు, "నమ్మకం లేకపోతే వద్దన్నా" అనేవాడు ఒకే కోవకు చెందినవారు. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయండి. బొమ్మను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి చూడండి. గలగల వినిపిస్తే సందేహమే లేదు, అయితే చిక్కటి రెజిన్ కొద్దిగా ఉంటే శబ్దం రాకపోవచ్చు కాబట్టి, రంధ్రాలు లేని డొల్ల బొమ్మకు శబ్దం రాకపోయినా ప్రైమర్ కొట్టకండి.

డబ్బు విషయానికి వస్తే, సగం తిరిగి ఇస్తానన్న బేరానికి మేము ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాము. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అమ్మినవాడు ఏ ఊరిలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే లేదా పనిచేసే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించకపోతే ఫీజు లేదు, గడువు 2 సంవత్సరాలు. ఇన్ని వందల రూపాయల బొమ్మకు ఇదంతా ఎందుకని మీకు అనిపించవచ్చు, అమ్మకందారు లెక్క కూడా సరిగ్గా దాని మీదే ఆధారపడి ఉంది. "ఒరిజినల్", "ప్రైమర్ కొట్టింది" అన్న మాటలున్న సందేశాల స్క్రీన్‌షాట్లు, యూపీఐ చెల్లింపు సంఖ్య, కొరియర్ చీటీ దాచిపెట్టండి.

ఇదే రకం బొమ్మ మీ దగ్గర ఉంటే, కాపాడుకునే పని మొదలుపెట్టడానికి ముందే అడుగుభాగాన్ని, పగులును, కారిన ద్రవాన్ని తేదీ కనిపించేలా ఫొటోలు తీసుకోండి. రంధ్రం చేసిన తరువాత తీసిన ఫొటో పంపితే, "మీరే పొడిచి పగులగొట్టిండ్రు" అనే జవాబు వస్తుంది. మాతో ఉన్న మరో మిత్రునికి అదే జవాబు వచ్చింది.