మిద్దె తోటకు బ్యాటరీ టైమరు: నీళ్లు వదలడం వచ్చు, ఆపడం మీద నమ్మకం లేదు

మిద్దె తోట పెంచేవారికి డ్రిప్పు (గొట్టాలతో మొక్క మొదట్లో చుక్కలుగా నీళ్లు పెట్టడం) గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నా గొడవంతా కుళాయికి బిగిస్తే, పెట్టిన వేళకు డ్రిప్పుకు నీళ్లు వదిలి ఆపే బ్యాటరీ టైమరుతోనే, అదీ ఒక్క విషయంలో. బ్యాటరీ అయిపోయినప్పుడు దీని వాల్వు ఎలా ఉంటే అలాగే ఉండిపోతుంది. మూసి ఉంటే మొక్కలు ఎండుతాయి, తెరిచి ఉంటే ట్యాంకు ఖాళీ అవుతుంది. నీళ్లను నమ్మి అప్పగించే పరికరానికి ఇంతకన్నా పెద్ద లోపం ఉండదు.

అయినా ఈ రకమే ఎందుకు కొన్నానంటే, మిద్దె మీద ట్యాంకుకు ఒత్తిడి తక్కువ. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే గానీ సుమారు ఒక కేజీ ప్రెజరు రాదు. మా ట్యాంకు గ్రో బ్యాగుల (మొక్కలు పెంచే సంచుల) కంటే రెండు మీటర్లు కూడా ఎత్తులో లేదు. విద్యుదయస్కాంతంతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వుల్లో చాలావాటికి తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి కావాలి. దీనిలో చిన్న మోటారు బాల్ వాల్వును, అంటే రంధ్రమున్న గుండును, తిప్పుతుంది కాబట్టి ఒత్తిడి లేకపోయినా పనిచేస్తుంది. ఆ మోటారుకు శక్తి అయిపోతే తిప్పే దిక్కు లేదు. కరెంటుతో నడిచే సోలినాయిడ్లలో ఎక్కువ భాగం కరెంటు పోతే స్ప్రింగుతో వాటంతట అవే మూసుకుంటాయి. బాల్ వాల్వుకు ఆ వెసులుబాటు లేదు.

మొదటి వేసవిలో దీన్ని అందరికీ మెచ్చుకుంటూ చెప్పాను. చెన్నై కర్తరి ఎండల్లో సాయంత్రం ఒక్క పూట నీళ్లు తప్పినా వంగ, బచ్చలి వాడిపోతాయి. అలాంటిది ఊరెళ్లి వచ్చేసరికి గోంగూర పచ్చగా నిలబడి ఉంది. ఆ మెప్పును ఇప్పుడు కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

మే నెలలో ఒకరోజు తెల్లవారుజామునే కింది వాటా పిన్నిగారు తలుపు తట్టారు. “బాబూ, కుళాయిలో చుక్క లేదు, పైన ఏమైనా తెరిచి ఉంచారా?” అన్నారు. మిద్దె ఎక్కి చూస్తే బ్యాగులన్నిటి కిందా మడుగులు, వాన నీటి గొట్టంలోంచి ఎర్రమట్టి నీళ్లు కారుతున్నాయి. ముందు రోజు సాయంత్రం తెరుచుకున్న వాల్వు రాత్రంతా అలాగే ఉంది. తెరపై అంకెలు లేవు, మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. రెండు ఇళ్లకు సరిపోయే ట్యాంకు అడుగంటింది, బోరు కూడా ఆ వారం సరిగా అందడం లేదు. మధ్యాహ్నానికి ట్యాంకరు తెప్పించుకోవాల్సి వచ్చింది. కొత్త బ్యాటరీలు వేయగానే టైమరు ఏమీ జరగనట్టు టక్కున మూసుకుంది. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయి, బిందెలు పట్టుకుని వీధుల్లో నిలబడిన ఊరు ఇది. ఇక్కడ ట్యాంకు నీళ్లు మట్టిపాలు చేసే యంత్రాన్ని చూసి ఊరుకోలేను. బ్యాటరీ తగ్గితే అసలు తెరుచుకోని టైమర్లు కొన్ని ఉన్నాయి. ఆ పాటి ఏర్పాటు ఇందులోనూ చేసి ఉండాల్సింది. అమ్మినవారిని అడిగితే, బ్యాటరీ గుర్తు వెలుగుతుంది కదా అన్నారు. నడిఎండలో ఆ గుర్తు ఎవరికి కనిపిస్తుంది?

అప్పటి నుంచి టైమరును ఇంటి ట్యాంకుకు కలపడం మానేశాను. బరువు ఆగేలా మిద్దె కింద దూలం ఉన్న చోట ఇటుకలు పేర్చి, రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము పెట్టి దానికే బిగించాను. ఎంత చెడినా పోయేది డ్రమ్మెడు నీళ్లే. దీనివల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. పడకగది ఏసీ నుంచి పొద్దుటికి నిండే బకెట్టు నీళ్లు ఇప్పుడు అందులోకే వెళ్తున్నాయి. వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. మా బోరు నీళ్లు డ్రిప్పర్ల మూతి మీద తెల్లటి పెచ్చు కడతాయి. దాన్ని నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి వదిలించే పని ఈ ఏడు కాస్త తగ్గింది. అయితే డ్రమ్ము ఎత్తు ఇంకా తక్కువ కాబట్టి చివరి వరుసకు నీళ్లు సరిగా చేరవు. అక్కడ కలబంద, వాము మొక్కలు పెట్టుకున్నాను.

మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు మిద్దె ఎక్కుతారు కాబట్టి నాకు ఇది సరిపోతోంది, ఇంకా వాడుతూనే ఉన్నాను. సొంతంగా డ్రమ్ము పెట్టుకునే చోటు, రెండు మూడు రోజులకొకసారి వెళ్లి చూసే మనిషి ఉంటే కొనవచ్చు. ఇంటిల్లిపాదీ సెలవులకు ఊరెళ్తూ, అపార్టుమెంటు ఉమ్మడి ట్యాంకుకు దీన్ని బిగించి వెళ్లేవారికి మాత్రం వద్దనే చెబుతాను. వాళ్లు పక్కింటివారికి తాళం ఇచ్చి వెళ్లడమే నయం.